పీఎక్స్ఈతో (నెట్‌వర్క్ నుంచి బూట్ చేసే పద్ధతి) 66 సిస్టమ్స్‌కి ఓఎస్ ఎక్కిస్తే సీటు నంబర్లన్నీ తారుమారు, ఏది ఏ సిస్టమో సర్వర్‌కి తెలిసేదెలా?

ల్యాబ్_మూడు

అందరికీ నమస్తే. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌ని, అంటే పేరుకే అడ్మిన్, ప్రొజెక్టర్ వెలగకపోయినా నన్నే పిలుస్తారు. మా మూడో ల్యాబ్‌లో 66 డెస్క్‌టాప్‌లున్నాయి, వరుసకి 22 చొప్పున మూడు వరుసలు. వాటిలో 40 కంపెనీవి, మిగతా 26 లోకల్‌గా అసెంబుల్ చేయించినవి. ఇన్నాళ్లూ పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కోదాని దగ్గరా కూర్చుని ఉబుంటు ఎక్కించేవాణ్ణి. ఈసారి బుద్ధొచ్చి ఒక పాత మెషీన్‌ని సర్వర్‌గా చేసి డీఎన్ఎస్‌మాస్క్ (ఐపీలు, బూట్ ఫైళ్లు ఇచ్చే ప్రోగ్రామ్), పీఎక్స్‌లినక్స్ (నెట్‌వర్క్ మీద లినక్స్‌ని బూట్ చేసేది) పెట్టి, ఉబుంటు 22.04కి ఏమీ అడగకుండా దానంతటదే ఎక్కేలా ఆటోఇన్‌స్టాల్ ఫైల్ రాసుకున్నాను. ఓఎస్ ఎక్కడం వరకు బ్రహ్మాండం, ఎఫ్12 నొక్కి వదిలేస్తే దాని పని అదే చేసుకుంటోంది.

గొడవంతా పేర్ల దగ్గర. ప్రతి సిస్టమ్‌కీ సీటు నంబరే పేరుగా ఉండాలి, ఎల్3-01 నుంచి ఎల్3-66 దాకా. దానికి నేను వాడిన తెలివి ఏంటంటే, ఇన్‌స్టాల్ చివర్లో ప్రతి మెషీనూ సర్వర్‌ని నంబర్ అడుగుతుంది, సర్వర్ ఒక ఫైల్‌లో లెక్క చూసుకుని తర్వాతి నంబర్ ఇస్తుంది. సీట్ల వరుసలోనే ఆన్ చేసుకుంటూ పోతే నంబర్లూ వరుసలోనే వస్తాయి కదా అనుకున్నాను. ఎస్ఎస్‌డీ ఉన్నవి ముందు పూర్తయి, హార్డ్‌డిస్క్‌వి వెనకపడతాయన్న సంగతి తట్టలేదు. పైగా సగంలో కరెంట్ పోయింది, రెండో వరుసకి యూపీఎస్ లేదు, ఆ వరుస మళ్లీ మొదటి నుంచి. చివరికి 17వ సీటులో కూర్చుంటే స్క్రీన్ మీద 41 అని కనిపిస్తోంది, 23వ నంబరైతే ఎక్కడుందో ఇప్పటికీ దొరకలేదు.

సరే అని యూయూఐడీ పట్టుకున్నాను, అంటే మెషీన్‌కొకటి చొప్పున వేరువేరుగా ఉండాల్సిన గుర్తింపు నంబర్. పీఎక్స్‌లినక్స్ ముందుగా యూయూఐడీ పేరుతో ఉన్న కాన్ఫిగ్ ఫైల్ కోసమే వెతుకుతుందని చదివి, మెషీన్‌కొక ఫైల్ చేద్దామని మొదలుపెడితే, అసెంబుల్డ్ 26 సిస్టమ్స్‌కీ ఒకటే నంబర్: 03000200-0400-0500-0006-000700080009. కంపెనీ వాటిలో ఇంకో తమాషా. మెషీన్ లోపల డీఎంఐడీకోడ్ అనే కమాండ్ కొడితే వచ్చే యూయూఐడీ ఒకటి, బూట్ ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీ లాగ్‌లో అదే మెషీన్ అడిగే ఫైల్ పేరు ఇంకోటి.

తొమ్మిది రోజుల్లో ఎక్స్‌టర్నల్ ప్రాక్టికల్స్. ప్రశ్నలు ఇచ్చేదీ, ప్రోగ్రాములు సేవ్ అయ్యేదీ అన్నీ సిస్టమ్ నంబర్ మీదే. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మీరు ఏ ఆధారంతో సిస్టమ్స్‌ని గుర్తుపడుతున్నారు?

కేబుల్_బాబాయ్

ఆ 03000200 చూడగానే నవ్వొచ్చింది తమ్ముడూ, పాత దోస్తు ఎదురైనట్టుంది. అది నీ బోర్డు నంబర్ కాదు, బోర్డు తయారు చేసినవాళ్లు అసలు నంబర్ రాయకుండా వదిలేసిన ఖాళీ గడి. లోకంలో ఎన్ని బోర్డుల మీద ఇదే నంబర్ ఉందో లెక్కలేదు. సీరియల్ నంబర్ అడిగి చూడు, "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అని వస్తుంది, లేదంటే "డీఫాల్ట్ స్ట్రింగ్" అని వస్తుంది.

నీ రెండో తమాషాకి జవాబు కూడా ఆ నంబర్‌లోనే ఉంది చూడు. మొదటి భాగం 03000200. దాన్ని రెండేసి అంకెలుగా విడగొట్టి వెనక నుంచి ముందుకి రాస్తే 00020003. రెండో భాగం 0400 తిప్పితే 0004, మూడోది 0500 తిప్పితే 0005. చివరి రెండూ అలాగే ఉంచు. ఇప్పుడు మొత్తం చదివితే 00020003-0004-0005-0006-000700080009, అంటే రెండు, మూడు, నాలుగు అంటూ తొమ్మిది దాకా ఎవరో వేళ్ల మీద లెక్కపెట్టి నింపేశారు! యూయూఐడీలో మొదటి మూడు భాగాలను కొన్ని ప్రోగ్రాములు ఎడమ నుంచి, కొన్ని కుడి నుంచి చదువుతాయి. ఇలాగే తిప్పాలని మెషీన్ వివరాలు ఎలా రాయాలో చెప్పే ప్రమాణం ఎస్ఎంబయాస్ 2.6లో స్పష్టంగా రాశారు గానీ పాత ఫర్మ్‌వేర్‌లు ఎవరి దారిన వాళ్లు పోయాయి. నీ కంపెనీ సిస్టమ్స్‌లో ఒకదాని రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టుకుని చూడు, నాలుగో భాగం నుంచి అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉంటాయి.

కాబట్టి యూయూఐడీ వదిలెయ్, మ్యాక్ అడ్రస్‌కి రా, అంటే నెట్‌వర్క్ కార్డు నంబర్. పీఎక్స్‌లినక్స్ యూయూఐడీ ఫైల్ లేకపోతే మ్యాక్ పేరుతో వెతుకుతుంది, అదీ లేకపోతే ఐపీని హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) రాసి వెతుకుతుంది, దొరక్కపోతే కుడివైపు నుంచి ఒక్కో అంకె తీసేస్తూ వెతుకుతుంది, అన్నీ అయ్యాక డీఫాల్ట్ ఫైల్. మ్యాక్ ఫైల్ పేరు ముందు 01- ఉండాలి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 52:54:00:12:34:56 అనుకో, ఫైల్ పేరు 01-52-54-00-12-34-56. ఆ 01 అడ్రస్‌లో భాగం కాదు, ఈథర్నెట్ అని చెప్పే గుర్తు. హెక్స్ అక్షరాలు వస్తే చిన్నబడిలోనే రాయాలి, కోలన్లు కాదు హైఫన్లు.

ఇంకో మాట, ఇది నెత్తిన పిడుగు పడ్డాక నేర్చుకున్నది. డీఫాల్ట్ ఫైల్‌లో ఎప్పుడూ లోకల్ డిస్క్ నుంచి బూట్ అవ్వమనే ఉండాలి. నేను ఇదివరకు పనిచేసిన చోట డీఫాల్ట్‌లో ఆటోమేటిక్ ఇన్‌స్టాల్ పెట్టి ఇంటికెళ్లాను. మర్నాడు పొద్దున అకౌంట్స్ సెక్షన్ సిస్టమ్ ఒకటి తెచ్చి అదే స్విచ్‌కి గుచ్చారు, దాని బయాస్‌లో నెట్‌వర్క్ బూట్ మొదట ఉంది. నేను వెళ్లేసరికి కొత్త లినక్స్ లాగిన్ స్క్రీన్ తళతళలాడుతోంది, మూడేళ్ల లెక్కలు లేవు. తెలియని మెషీన్ వచ్చి తలుపు కొడితే ఏం చేయాలన్నది ముందే తేల్చుకో.

ఇమేజ్_వీరుడు

ఇంత తతంగం దేనికి బ్రో, ఒక సిస్టమ్ నీట్‌గా సెట్ చేసుకుని డిస్క్ మొత్తాన్ని కాపీ కొట్టే క్లోనెజిల్లాతో మిగతా వాటికి ఇమేజ్ కొట్టేయ్. మల్టీకాస్ట్‌లో మధ్యాహ్నం భోజనం లోపు అయిపోతుంది. పేర్లు తర్వాత చేత్తో మార్చుకోవచ్చు.

నైట్‌షిఫ్ట్

వీరుడు గారూ, 66 పేర్లు చేత్తో మార్చడం కష్టమనే కదా ఆయన ఇక్కడికొచ్చింది. పైగా ఇమేజ్ కొడితే ఇప్పుడున్న గుర్తింపు సమస్య పోకపోగా కొత్తవి తోడవుతాయి. మూల సిస్టమ్‌లోని మెషీన్ ఐడీ ఫైల్ కూడా అన్నింటికీ కాపీ అవుతుంది, 32 హెక్స్ అంకెల నంబర్ అది. సిస్టమ్‌డీ నెట్‌వర్క్ వాడే సిస్టమ్స్ డీహెచ్‌సీపీకి (ఐపీలు పంచే సర్వీస్) తమను తాము పరిచయం చేసుకునేది దాని నుంచి పుట్టిన ఐడీతోనే, అంటే మ్యాక్‌లు వేరైనా సర్వర్‌కి 66 మందీ ఒక్కడే అనిపించి అందరికీ ఒకే ఐపీ ఇవ్వబోతుంది. ఈ దెబ్బ తిని రెండు రోజులు కేబుల్స్ మార్చుకుంటూ కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. రిమోట్ లాగిన్‌లో మెషీన్‌ని గుర్తుపట్టే ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలదీ అదే కథ. ఇమేజ్ తీసే ముందు మెషీన్ ఐడీ ఫైల్‌ని ఖాళీ చేసి, హోస్ట్ కీలు తీసేసి, మొదటి బూట్‌లో అవి కొత్తగా పుట్టేలా చూసుకుంటే ఇమేజ్ తప్పేం కాదు, కానీ ఎవరికి ఏ పేరన్న ప్రశ్న అక్కడే ఉంటుంది.

ల్యాబ్_మూడు గారూ, నాది హైదరాబాద్‌లో డేటా సెంటర్ పని, రాత్రి డ్యూటీ. మా దగ్గర కొత్త ర్యాక్ దిగినప్పుడల్లా మొదట వచ్చే తగాదా ఇదే, పేరు డబ్బాదా, డబ్బా కూర్చున్న చోటుదా అని. వారంటీకి ఫోన్ చేసేటప్పుడు మాకు డబ్బా సీరియల్ కావాలి, కాలిన పవర్ సప్లై మార్చడానికి వెళ్లినవాడికి చోటు కావాలి. మీ విషయంలో అనుమానమే లేదు, మీకు కావాల్సింది సీటు. 17వ సీటులో సీపీయూ చెడిపోయి స్టోర్ రూమ్ నుంచి ఇంకోటి తెచ్చి పెడితే దాని పేరూ ఎల్3-17 అవ్వాలి. కానీ యూయూఐడీ, సీరియల్, మ్యాక్ ఇవన్నీ డబ్బా గురించి చెప్పేవే, అది ఏ కుర్చీ ముందు ఉందో వాటిలో ఏదీ చెప్పదు. మీ కౌంటర్ పద్ధతి దెబ్బతిన్నది కూడా ఇందుకే, ఎవరు ముందొచ్చారన్నదాన్ని మీరు ఎవరెక్కడున్నారు అనుకున్నారు.

చోటు చెప్పగలిగేది స్విచ్ పోర్ట్ ఒక్కటే. మేనేజ్డ్ స్విచ్ (లాగిన్ అయి సెట్టింగ్స్ మార్చుకోగలిగేది) అయితే డీహెచ్‌సీపీ రిక్వెస్ట్‌కి ఇది ఫలానా పోర్ట్ నుంచి వచ్చిందని ముద్ర వేసి పంపగలదు, దాన్ని ఆప్షన్ 82 అంటారు, 2001 నుంచీ ఉన్న ఆర్ఎఫ్‌సీనే (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం). లేదా స్విచ్‌లోకి లాగిన్ అయి మ్యాక్ టేబుల్ చూసినా ఏ పోర్ట్‌లో ఏ మ్యాక్ ఉందో తెలుస్తుంది. అయితే 17వ సీటు వైర్ 17వ పోర్ట్‌కే వెళ్లిందని గ్యారంటీ ఉండాలి. మీ ల్యాబ్ ఎలా ఉందో నాకు తెలియదు గానీ, నేను చూసిన కాలేజీల్లో ఆ వైర్లు గోడలోకి దూరాక ఎటు తేలతాయో లాగినవాడికే తెలియదు.

అందుకని నేనైతే ఇలా చేస్తాను. పీఎక్స్‌లినక్స్ బదులు స్క్రిప్టులు నడపగలిగే బూట్ ప్రోగ్రామ్ ఐపీఎక్స్ఈని బూట్ ఫైల్‌గా ఇస్తాను. అది లేచాక మళ్లీ డీహెచ్‌సీపీ అడుగుతుంది, అప్పుడు మళ్లీ ఐపీఎక్స్ఈనే ఇస్తే గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది, కాబట్టి రెండోసారి అడిగేటప్పుడు అది పంపే 175వ ఆప్షన్‌ని పట్టుకుని డీఎన్ఎస్‌మాస్క్‌లో ఒక ట్యాగ్ వేసి, ఆ ట్యాగ్ ఉన్నవాళ్లకి స్క్రిప్ట్ యూఆర్ఎల్ ఇవ్వాలి. ఆ యూఆర్ఎల్‌లోనే మ్యాక్, సీరియల్, యూయూఐడీ మూడూ కలిపి పంపించొచ్చు, ఐపీఎక్స్ఈకి ఇవన్నీ వేరియబుల్స్‌గా తెలుసు. సర్వర్ వైపు ఒక చిన్న సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన పట్టిక), అందులో సీటు, మ్యాక్, సీరియల్, ఇన్‌స్టాల్ చేయాలా వద్దా అన్న ఒక గడి. మ్యాక్ ఫైల్‌లో ఉంటే గడి చూసి ఇన్‌స్టాల్‌కో లోకల్ డిస్క్‌కో పంపిస్తుంది. లేకపోతే స్క్రీన్ మీద "సీటు నంబర్?" అని అడుగుతుంది. ఐపీఎక్స్ఈలో రీడ్ అని ఒక కమాండ్ ఉంది, టైప్ చేసింది తీసుకుని సర్వర్‌కి పంపుతుంది. అంటే ఎవరో ఒకరు ఒక్కసారి ప్రతి సీటు దగ్గరికీ వెళ్లి రెండంకెలు కొట్టాలి, అంతే. ఆ తర్వాత వంద సార్లు ఫార్మాట్ కొట్టినా పేరు మారదు. ఇంత రాసుకునే ఓపిక లేకపోతే ఫాగ్ అనే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి, అందులో రిజిస్ట్రేషన్ మెనూ చేసేది దాదాపు ఇదే పని.

ఇన్‌స్టాల్ ఆఖరి కమాండ్‌లో ఆ గడిని వద్దు అని మార్చేయడం మర్చిపోకండి, లేకపోతే రీస్టార్ట్ అయిన ప్రతిసారీ మళ్లీ మొదలవుతుంది. అలాగే ఆటోఇన్‌స్టాల్ ఫైల్‌లో మీ అడ్మిన్ పాస్‌వర్డ్ హ్యాష్ (దాని గుప్త రూపం) ఉంటుంది కదా, గడి ఆన్‌లో ఉన్నప్పుడే ఆ ఫైల్ బయటికి ఇవ్వండి. మ్యాక్ అడ్రస్ మార్చుకోవడం ఒక్క కమాండ్ పని, మూడో ఏడాది పిల్లలకి అది వచ్చు.

ల్యాబ్_మూడు

నైట్‌షిఫ్ట్ గారూ, బాబాయ్, ఇద్దరికీ థాంక్స్. ఆ నంబర్ తిప్పి రాసి చూశాను బాబాయ్, నిజంగానే రెండు నుంచి తొమ్మిది. ఇంకా దిగులేమిటంటే, నేను దాన్ని 26 సార్లు చేత్తో ఎక్సెల్‌లో ఎక్కించాక గానీ అన్నీ ఒకటేనని గమనించలేదు.

స్విచ్‌లు మూడూ అన్‌మేనేజ్డ్, కాబట్టి పోర్ట్ దారి మూసుకుపోయింది. ఐపీఎక్స్ఈ పద్ధతే మొదలుపెట్టాను, ఐదు సీట్లకి పనిచేసింది. కానీ ఒక అనుమానం. ఒకే మెషీన్‌కి బూట్ అప్పుడు ఒక ఐపీ, ఇన్‌స్టాలర్‌లో ఇంకో ఐపీ, ఓఎస్ ఎక్కాక మూడో ఐపీ వస్తున్నాయి. ఎవరికి ఏ ఐపీ ఇచ్చిందో సర్వర్ రాసుకునే లీజ్ ఫైల్ చూస్తే ఐదు మెషీన్లకి పదిహేను లైన్లు. మ్యాక్ మూడు చోట్లా ఒకటే. ఇదేం మాయ?

కేబుల్_బాబాయ్

మాయేం లేదు, మనిషి ఒకడే, మూడు చోట్ల మూడు పేర్లు చెబుతున్నాడు. డీహెచ్‌సీపీలో క్లయింట్ ఐడెంటిఫైయర్ అని 61వ ఆప్షన్ ఉంది, అది పంపితే సర్వర్ మ్యాక్‌ని పక్కన పెట్టి దాన్నే నమ్ముతుంది. బూట్ రామ్ ఒకటి పంపుతుంది, ఇన్‌స్టాలర్ ఒకటి పంపుతుంది, ఎక్కిన ఓఎస్ నైట్‌షిఫ్ట్ చెప్పిన ఆ మెషీన్ ఐడీ నుంచి పుట్టినది పంపుతుంది. నీ డీఎన్ఎస్‌మాస్క్‌లో హోస్ట్ లైన్ రాస్తావు కదా మ్యాక్, ఐపీ, పేరు అని, అందులోనే ఐడీ అని రాసి కోలన్ పక్కన నక్షత్రం గుర్తు (*) పెట్టు. క్లయింట్ ఐడీ ఏం చెప్పినా పట్టించుకోకు, మ్యాక్ ఒక్కటే చూడు అని దానర్థం. ఓఎస్ వైపు నుంచి సరిచేయాలంటే ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఉండే నెట్‌ప్లాన్‌లో డీహెచ్‌సీపీ ఐడెంటిఫైయర్‌కి మ్యాక్ అని రాయొచ్చు. నేనైతే రెండూ చేస్తా, నాకు నమ్మకం తక్కువ.

పాత లీజ్ ఫైల్ ఒకసారి తుడిచెయ్, సర్వీస్ ఆపి తుడువు.

ఇమేజ్_వీరుడు

మెషీన్ ఐడీ సంగతి నాకు తెలియదు నైట్‌షిఫ్ట్ గారూ. మా ఆఫీస్‌లో రెండు సిస్టమ్స్ నెట్ కోసం కొట్టుకుంటున్నాయి ఆర్నెల్లుగా, ఒకటి ఆన్ చేస్తే ఇంకోటి పోతోంది. చూస్తే రెండింట్లోనూ అదే ఐడీ. ఇన్నాళ్లూ స్విచ్‌ని తిట్టుకున్నాం, ఒక స్విచ్ మార్చాం కూడా.

నైట్‌షిఫ్ట్

పర్లేదు వీరుడు గారూ, అందరం తిన్న దెబ్బే. ఇంకొకటి కూడా చూసుకోండి, వర్చువల్ మెషీన్లు వాడుతుంటే. క్యూఎంయూని నేరుగా కమాండ్‌తో నడిపి మ్యాక్ ఇవ్వకపోతే ప్రతి మెషీన్‌కీ బాబాయ్ పైన ఉదాహరణకి రాసిన 52:54:00:12:34:56 నే పెడుతుంది. రెండు నడిపారంటే మళ్లీ ఇదే కొట్లాట. బాబాయ్ ఆ నంబర్ ఊరికే రాయలేదని నా అనుమానం.

కేబుల్_బాబాయ్

దొరికిపోయాను.

ల్యాబ్_మూడు

అప్‌డేట్. అయిపోయింది, ఇంకా మూడు రోజులు చేతిలో ఉండగానే.

మా అటెండర్ బాబాయ్ కీబోర్డ్ ముట్టుకోవడానికి మొదట భయపడ్డాడు గానీ, "సీటు నంబర్?" అని స్క్రీన్ అడిగితే టేబుల్ మీద పెయింట్‌తో రాసిన నంబర్ చూసి కొట్టి ఎంటర్ నొక్కడమే అని చెప్పాక నాకంటే వేగంగా పోయాడు. నేను సర్వర్ దగ్గర కూర్చుని సీఎస్‌వీలో ఒక్కో లైన్ దిగుతుంటే చూస్తూ ఉన్నాను. సీటుకి నలభై సెకన్ల చొప్పున గంటలోపే 66 అయిపోవాలి, కానీ గంటన్నర పట్టింది, ఎందుకంటే రెండు చోట్ల ఆగాం.

మొదటిది 31. అక్కడ నంబర్ అడగకుండానే ఎల్3-09 అని ఇన్‌స్టాల్ మొదలైపోయింది. పరుగెత్తుకెళ్లి ఆపి, మూత తీసి చూస్తే విషయం అర్థమైంది. పోయిన వేసవిలో పిడుగు పడి కొన్ని మదర్‌బోర్డుల్లో ల్యాన్ పోర్టులు పోయాయి, వాటికి పీసీఐ ల్యాన్ కార్డులు వేయించాం. నేను మొదట ప్రయత్నించిన ఐదు సీట్లలో 9 ఒకటి, అప్పుడు దానిలో ఒక కార్డు ఉంది. రెండ్రోజుల క్రితం 31లో నెట్ రావట్లేదంటే మా జూనియర్ నాకు చెప్పకుండా 9లో కార్డు పీకి 31కి వేశాడు. సర్వర్ తప్పేం లేదు, అది గుర్తుపట్టింది కార్డుని. ఇప్పుడు సీఎస్‌వీలో కంపెనీ సిస్టమ్స్‌కి సీరియల్ కూడా సరిచూసేలా చేశాను, మ్యాక్ ఒకటీ సీరియల్ ఇంకోటీ అయితే ఇన్‌స్టాల్ చేయకుండా ఎర్ర అక్షరాలతో ఆగి నన్ను పిలవమంటుంది. అసెంబుల్డ్ వాటికి సీరియల్ ఎలాగూ లేదు కాబట్టి ఆ 26కీ సీపీయూ డబ్బా వెనక మ్యాక్ ప్రింట్ తీసి స్టిక్కర్ అంటించాం, జూనియర్ చేతే అంటించాను.

రెండోది 48. అటెండర్ బాబాయ్ 48 అని కొడితే సర్వర్ ఆ సీటు ఆల్రెడీ ఉందంది. చూస్తే 46 దగ్గర ఆయన కళ్లజోడు లేక 48 కొట్టాడు. టేబుల్ మీద ఆరులో పెయింట్ కారిపోయి ఎనిమిదిలా ఉంది, నేను వెళ్లి చూసినా 48 అనే అనుకున్నాను.

ఐపీల సంగతి ఆ నక్షత్రంతో కుదిరిపోయింది, మెషీన్‌కి ఒక్క లైనే ఉంది. మొదట కనిపించకుండా పోయిన 23 కూడా దొరికింది. ల్యాబ్‌లో లేనే లేదు, రిపేర్‌కని నేనే హెచ్ఓడీ సార్ రూమ్‌లో పెట్టి వచ్చాను, అక్కడ పాత కౌంటర్ నంబర్‌తో హాయిగా నడుస్తోంది. సార్ దాంట్లో మెయిల్ చూసుకుంటున్నారు, ఇవ్వమని అడగాలి.